రావలసిన బాకీలు: లేవు

బాపట్ల,
18 జూన్ 2024

మావయ్యకి,

నీకూ అత్తయ్యకీ భవాని దణ్ణాలు. కవరు చూసి కంగారు పడకు, ఇక్కడ అందరం తిని తిరుగుతూనే ఉన్నాం. ఫోను చేయొచ్చు కదా అంటావు. నీతో ఫోనులో మాట్లాడాలంటే సూర్యలంక ఒడ్డు దాకా వినపడేలా అరవాలి, ఇప్పుడు చెప్పబోయేది అరిచే సంగతి కాదు. వేలు పోసి కొన్న చెవి మిషనునేమో నువ్వు డ్రాయరులో నిద్రపుచ్చావు. అందుకని చదువుకో.

డిసెంబరు తుఫానుకి మా ఎండు చేపల షెడ్డు పైకప్పు లేచిపోయిందని నీకు తెలుసు. తర్వాత జరిగింది చెప్పలేదు. సరుకంతా నాని పురుగు పట్టింది, గొయ్యి తీసి పూడ్పించాం. అందులో సగం నాది కాదు. ఒడ్డున చేపలు ఎండబెట్టే ఆడవాళ్లు "అమ్మాక ఇద్దువులే భవానమ్మా" అని నమ్మి నా షెడ్డులో పెట్టింది. మళ్లీ నిలబడదామని ఫైనాన్స్ రమేష్ బాబు దగ్గర ఎనిమిది లక్షలు తెచ్చాను. అదీ కలిసిరాలేదు. ఎనిమిది వడ్డీతో పన్నెండయింది.

ఇప్పుడతను రామాపురంలో మా ఆరు సెంట్ల స్థలం రాసివ్వమంటున్నాడు. ఆ పక్కన రిసార్టులు వచ్చాక దానికి రెక్కలొచ్చాయి కదా. రాసిస్తే అతని బాకీ తీరిపోతుంది, ఫోన్లు ఆగిపోతాయి. కానీ ఆ ఆడవాళ్లకి చూపించడానికి నా దగ్గర రెండు చేతులు తప్ప ఏమీ మిగలవు.

కోర్టు చేతిలో పెడితే ఉన్నదాన్ని అందరికీ వాటాల ప్రకారం పంచుతారట. అందుకని ఇక్కడి కోర్టులో ఐ.పి. వేద్దామనుకుంటున్నాను. దివాలా పిటిషను. మా ఆయన ప్రసాద్ ఆ మాట విని "మీ మావయ్యని అడుగు" అన్నారు. ముప్పై ఎనిమిదేళ్లు తెనాలిలో ప్లీడరు గుమస్తాగా చేశావు. చిన్నప్పుడు సెలవులకి వచ్చి నీ టైపు మిషను పక్కన కూర్చుని కార్బను కాగితాలు అందించినదాన్ని. ఏ కాగితాలు కావాలి, ఎవరెవరి పేర్లు రాయాలి, వివరంగా రాయి.

నీ మేనకోడలు,
భవాని


తెనాలి,
25 జూన్ 2024

చి. సౌ. భవానికి,

మీ అత్తయ్య చెంచమ్మ నీ ఉత్తరం చదివి వినిపించమంది. కళ్లజోడు కనపడలేదని అబద్ధమాడాను. కళ్లజోడు నా ముక్కు మీదే ఉంది. ఆవిడ చూసి ఊరుకుంది.

అమ్మాయీ, నా చేతుల మీదుగా రెండు వందల పైచిలుకు ఐ.పి.లు టైపయ్యాయి. వాటిలో నిజంగా దివాలా తీసినవాడు ఒక్కడైనా తగులుతాడేమో అని చూస్తూ చూస్తూనే రిటైరయ్యాను. ఈ ఏడు ఐ.పి. పెట్టినవాడు పై ఏటికి మేడ కట్టేవాడు. అందుకే ఊళ్లో "ఫలానావాడు ఐ.పి. పెట్టాడు" అంటే ఎగ్గొట్టాడనే అర్థం. నిజాంపట్నం నుంచి చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని రేపల్లె వీధుల్లో తిరిగి అమ్మిన పేరంటాలు కూతురివి నువ్వు. మా అక్క ఎవరికీ అర్ధరూపాయి ఎగ్గొట్టి ఎరగదు. ఆ పేరుకి ఐ.పి. తోక తగిలిస్తావా?

సరే, తిట్టుకుంటూ కూర్చుంటే పని జరగదు. పెట్టక తప్పదంటే పద్ధతిగా పెట్టు, చెబుతాను విను. మొదటిది, రామాపురం స్థలం నీ పేర ఉండకూడదు. మీ అత్తయ్య పేర పాత తేదీ వేసి అమ్మకం అగ్రిమెంటు పుట్టించవచ్చు. పాత స్టాంపు కాగితాలు ఎవరి దగ్గర ఉంటాయో నాకు తెలుసు. గొడవ సద్దుమణిగాక స్థలం నీది నీకే. రెండోది, కాగితం ఉన్న అప్పులే రాయి. ఆ ఎండు చేపలవాళ్ల దగ్గర నోటు లేదు, రసీదు లేదు, వాళ్లు కోర్టుకి రాలేరు. వాళ్ల సంగతి తర్వాత నెమ్మదిగా చూసుకోవచ్చు. మూడోది, వ్యాను రిపేరుకని నేనిచ్చిన ఎనభై వేలు మర్చిపో. నా పేరు మాత్రం అప్పులవాళ్ల పట్టీలోకి ఎక్కించకు. జన్మంతా ఊళ్లోవాళ్లకి ఐ.పి. నోటీసులు పంపినవాణ్ణి, సొంత మేనకోడలి దగ్గర నుంచి ఒకటి అందుకుంటే పొద్దున అంగలకుదురు దాకా నడకకి వెళ్లే నలుగురిలో తలెత్తుకోలేను.

చట్టం ప్రకారం ఐదు వందల రూపాయల అప్పు దాటితే చాలు, ఐ.పి. వేయొచ్చు. ఆ చట్టం రాసిననాటికి ఐదు వందలంటే ఐశ్వర్యం. చెవి మిషను సంగతి ఎత్తకు, అది నా చెవిలో ఈల వేస్తోంది.

ఆశీర్వచనాలతో,
మావయ్య


బాపట్ల,
4 జూలై 2024

మావయ్యకి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నా మీద ప్రేమతోనే రాశావని తెలుసు. అయినా నువ్వు చెప్పిన మూడూ చేయను.

స్థలం అత్తయ్య పేర పెట్టను. ఎవరి పేరూ వదిలిపెట్టను. ఇక్కడ ప్రశాంతి అని చిన్న వయసావిడ, కొత్త లాయరు, నేను చెప్పింది చెప్పినట్టు రాస్తానంది. నీ టైపంత వేగం లేదు, కానీ అడిగిందే మళ్లీ మళ్లీ అడిగి రాసుకుంటోంది.

ఒక మాట అడుగుతాను. మా అమ్మ కాళ్ల కడియాలు రేపల్లెలో అమ్మి నీకు టైపు నేర్పించింది పాత తేదీల కాగితాలు కొట్టడానికా?

భవాని


తెనాలి,
12 ఆగస్టు 2024

భవానికి,

నెల రోజులకి పైగా కలం పట్టుకోలేదు. కడియాల మాట బాగా గుర్తు చేశావు. అది అక్కడ ఉంచు.

మీ అత్తయ్య పేర స్థలం పెడితే మేం మింగేస్తామని నీకు అనుమానం వచ్చిందని నాకు అర్థమైంది. రావచ్చు, కాలం అలాంటిది.

ఈ రోజుల్లో కోర్టు రికార్డు చూడాలంటే రైలెక్కక్కర్లేదట. మన వీణ, అదే నా మనవరాలు, కోర్టు కేసుల సైటులో నీ పేరు కొట్టింది. వచ్చింది. ఐ.పి. నంబరు, వాయిదా తేదీ, ప్రతివాదుల్లో మొదటి పేరు రమేష్ బాబు, దాని పక్కన "మరో నలభై మంది". వీణ మూడుసార్లు చదివి వినిపించింది. నాకు మొదటిసారే వినపడింది.

నాకు తెలిసి నీకు కాగితం ఉన్న అప్పులు మూడు: రమేష్ బాబు, బ్యాంకు, వ్యాను ఫైనాన్సు. మిగతావాళ్లు ఎక్కడి నుంచి పుట్టారు? తాతకు దగ్గులు నేర్పకమ్మా. పట్టీ పొడుగు పెంచడం నేనెరిగిన విద్యే. బావమరిది పేరు, పాలవాడి పేరు, చచ్చిపోయినవాడి పేరు కూడా ఎక్కించేవాళ్లు, అసలువాడి వాటా పలచబడాలని. నేను చెప్పింది చేయనంటే నిజాయితీ అనుకున్నాను. నాకన్నా గట్టి గుమస్తా దొరికిందన్నమాట.

రామబ్రహ్మం


బాపట్ల,
26 ఆగస్టు 2024

మావయ్యకి,

సంతకం దగ్గర మావయ్య అని లేకపోతే ఎవరో నోటీసు పంపారనుకున్నాను.

కడియాల మాట నేను అనకూడదు. అమ్మ ఉంటే నా నోటి మీద కొట్టేది. తప్పయింది. అత్తయ్య మీద అనుమానం మాత్రం నాకు కలలో కూడా లేదు, అది నువ్వే పుట్టించుకున్నావు.

నోటీసులు అందిన రోజున ఇరవై మంది ఆడవాళ్లు మా గుమ్మంలోకి వచ్చారు. వాళ్లలో పెద్దది రిబ్కా, తెలుసుగా, అమ్మతో కలిసి బుట్ట మోసింది. "మాకు ఐ.పి. నోటీసు ఇచ్చావంటే ఏంటి భవానమ్మా, మా డబ్బులు పోయినట్టేగా" అంది. తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది. అరుగు మీద కూర్చోబెట్టి ఒక్కొక్కరికీ వాళ్ల కాగితం చదివి వినిపించాను. రిబ్కా తన పేరున్న చోటు వేలితో చూపించమంది. చూసి, మడిచి, జాకెట్లో పెట్టుకుంది. "ఇంతకాలం నీకు సరుకేశాను, నా పేరు కాగితం మీద చూడటం ఇదే" అంది. వెళ్తూ వెళ్తూ మంచినీళ్లు అడిగి తాగింది.

ఇంతకన్నా నీకు చెప్పను. చెప్పినా నమ్మే ఓపిక నీకిప్పుడు లేదు. కోర్టులో వేసిన కాగితం వేసినవాడి ఒక్కడిదీ కాదు, అడిగినవాళ్లందరిదీ అని చెప్పింది నువ్వే. పిటిషను ఇక్కడే ఉంది. వచ్చి చదువుకో. నీకూ నోటీసు వస్తుంది, తిప్పి పంపకు.

భవాని


తెనాలి,
20 సెప్టెంబరు 2024

మా భవానికి,

నోటీసు అందింది. పోస్ట్‌మ్యాన్ సంతకం పెట్టమన్నప్పుడు మీ అత్తయ్య పక్కనే నిలబడి, ఈసారి కళ్లజోడు నా ముక్కు మీదే ఉందని గుర్తు చేసింది. వేరే దారిలేక చదివి వినిపించాను. అంతా విని, "పిల్ల పరువుగా రాసింది, నువ్వేం రాశావు?" అని అడిగింది. నేను రాసినవి చెప్పాను. ఆ పూట నాకు అన్నం ఆవిడ వడ్డించలేదు, వీణ వడ్డించింది.

మర్నాడు నీకు చెప్పకుండా పాసింజరెక్కి బాపట్ల వచ్చాను. చుండూరు దాటేదాకా నిన్నెలా పట్టుకోవాలా అనే ఆలోచన. కోర్టులో కాపీకి దరఖాస్తు పెట్టాను. ఆ సెక్షనులో కుర్చీ మారింది, మనిషి మారాడు, దుమ్ము మాత్రం మా రోజుల నాటిదే. నకలు చేతికి వచ్చాక వరండాలో బెంచీ మీద కూర్చుని చదివాను.

రమేష్ బాబు, బ్యాంకు, వ్యాను. తర్వాత నాలుగో నంబరు నుంచి నలభై దాకా ముప్పై ఏడు మంది ఆడవాళ్లు. రిబ్కా, చేపలు ఎండబెట్టుట, పద్నాలుగు వేల రెండు వందలు. ఆధారం అన్న గడిలో ఏముందో చదివి మళ్లీ చదివాను: "పత్రము లేదు, బాకీ నిజము." కింద ఇంకొకరు, తొమ్మిది వందలు. పత్రము లేదు, బాకీ నిజము. తొమ్మిది వందల రూపాయల మనిషిని కూడా వదల్లేదు నువ్వు. ఆఖరున నలభై ఒకటి నేను. నాకూ అదే మాట.

భవానీ, రెండు వందల ఐ.పి.లు కొట్టిన వేళ్లివి. ఆ రెండు మాటలు పక్కపక్కన ఒక్కసారి కూడా కొట్టలేదు. పత్రం లేదంటే బాకీ లేదని రాయడమే మా చదువు. నేను వాళ్లని దొంగపేర్లనుకున్నాను. నువ్వు వాళ్ల పేర్లు రాసిందే వాళ్లకి కాగితం పుట్టించడానికని, ఆ బెంచీ మీద కూర్చున్నాక గాని నా బుర్రకెక్కలేదు. నీ చిన్నప్పుడు కాగితం మీద అబద్ధం రాయకని నేనే చెప్పేవాణ్ణి. చెప్పి, నా పని నేను చేసుకునేవాణ్ణి. నువ్వు విన్నావు. నన్ను క్షమించు. నీ మావయ్యనైనందుకు నాకు చాలా గర్వంగా ఉంది, ఈ వాక్యం రాయడానికి రెండు కాగితాలు చించాను.

ఆస్తుల్లో స్థలం, వ్యాను, గాజులు, దిద్దులు, ఆఖరికి వంటగిన్నెలు కూడా ఎక్కించావు. పిచ్చిదానా, వంటగిన్నెలు చట్టమే వదిలేస్తుంది. అది తప్పు కాదు గాని, అదే కాగితంలో ఒక గడిలో అబద్ధం ఉంది. ఏ గడో చెప్పను. వాయిదాకి వచ్చి జడ్జిగారికే చెప్పుకుంటాను. మీ లాయరమ్మ అడ్డుపడకుండా చూడు.

నీ మావయ్య,
రామబ్రహ్మం
(నలభై ఒకటో ప్రతివాది)


బాపట్ల,
22 నవంబరు 2024

మావయ్యకి,

నిన్న కోర్టులో నువ్వు చెప్పవలసింది చెప్పేసి, జడ్జిగారికి నమస్కారం పెట్టి, బండికి వేళయిందని వెళ్లిపోయావు. తర్వాత జరిగింది నీకు తెలియదు. ముందు జరిగిందీ సగం వినపడి ఉండదు. అందుకని మొదటి నుంచీ రాస్తున్నాను.

అబద్ధం ఉందన్నావు గాని ఎక్కడో రాయలేదు. రెండు నెలలు నేనూ ప్రశాంతీ ఆ కాగితాన్ని గడి గడికీ వెతికాం. దొరకలేదు. చివరికి నాకు భయం పట్టుకుంది. పొగుడుతూనే వచ్చి పిటిషను కొట్టేయిస్తావేమో, ఆ స్థలం రమేష్ బాబు పాలవుతుందేమో అని. నిన్ను అంత మాట అనుకున్నాను, ఇప్పుడు సరికి సరి.

బంట్రోతు నీ పేరు మూడుసార్లు పిలిచాడు. నువ్వు కిటికీలోంచి బయట ఎవరి సైకిలో చూస్తున్నావు. ఇక నేనే వచ్చి నీ భుజం తట్టి, చెయ్యి పట్టుకుని ముందుకి తీసుకెళ్లాను. అప్పిచ్చిన మనిషిని ఐ.పి. పెట్టిన మనిషి నడిపించుకు రావడం ఇదే చూడటమని వెనక ఎవరో అన్నారు, నవ్వారు. వెక్కిరింపు నవ్వు కాదు.

నువ్వు మామూలుగా మాట్లాడాననుకుంటున్నావేమో. హాలంతా మారుమోగింది. "అయ్యా, రావలసిన బాకీలు అన్న చోట ఈవిడ లేవు అని రాసిందండి. అది అబద్ధమండి. నేనున్నానండి" అన్నావు. డెబ్భై ఒకటిలో మా అమ్మ కడియాలు అమ్మించుకుని టైపు నేర్చుకున్నానని, ఉద్యోగం రాగానే చేయిస్తానని మాటిచ్చి చేయించలేదని, ఆవిడ పోయిందని, వారసురాలు ఈవిడేనని చెప్పావు. పైగా, "యాభై మూడేళ్లయింది, కాలదోషం పట్టిందని నాకు తెలుసండి, గుమస్తాగా చేశానండి" అన్నావు. సంచీలోంచి తువ్వాలు మూట తీసి బల్ల మీద పెట్టావు. కొత్తగా చేయించిన వెండి కడియాలు. చూడగానే అమ్మ నడక గుర్తొచ్చింది. అవి లేని నడకే నేను చూసింది.

నువ్వు వెళ్లాక రమేష్ బాబు తరఫు లాయరు, ఇదంతా సానుభూతి కోసం మావయ్యా మేనకోడలూ ఆడుతున్న నాటకమన్నాడు. జడ్జిగారు ఆయన్ని కూర్చోమన్నారు. కాలదోషం పట్టిన బాకీని చట్టం అడగలేదు, తీర్చేవాణ్ణి వద్దని కూడా అనలేదు అన్నారు. తర్వాత నావైపు తిరిగారు. "ఏమ్మా, ఈ బాకీ నిజమేనా? కాదంటే వీటిని ఆ పెద్దాయనకి తిరిగి పంపించేస్తాం. అవునంటే మిగతా ఆస్తితో పాటు అమ్మకానికి పోతాయి, అందరికీ పంచుతారు. ఆలోచించుకుని చెప్పు."

మావయ్యా, నీ దగ్గర దాచను. ఆ ఒక్క క్షణం కాదనాలనిపించింది. కాదంటే అవి తెనాలిలో అత్తయ్య బీరువాలో ఉంటాయి. ఎప్పుడో ఒకసారి వచ్చినప్పుడు తీసి కాళ్లకి పెట్టుకోవచ్చు. ఈ పిటిషను మొదలుపెట్టాక నాకు అబద్ధమాడాలనిపించింది అప్పుడొక్కసారే. రిబ్కా వెనక బెంచీలో కూర్చుని ఉంది. నావైపు చూడటం లేదు, కడియాలవైపే చూస్తోంది.

"పత్రం లేదండి, బాకీ నిజమండి" అన్నాను.

నన్ను దివాలాదారుగా ప్రకటించారు. ఆ మాట వినడానికి ఇన్నాళ్లూ భయపడ్డాను, విన్నాక కాళ్లు తేలికయ్యాయి. ఆస్తులు అమ్మి పంచడానికి కోర్టు పెట్టిన రిసీవరుగారు స్థలం వేలం వేయిస్తారు. ఎవరికీ మొత్తం రాకపోవచ్చు, ఎవరికీ సున్నా మాత్రం రాదన్నారు. ఎక్కువ రిబ్కావాళ్లకి ఇమ్మని అడగబోయాను, అలా కుదరదని ప్రశాంతి కొంగు పట్టి లాగింది. బయటికొచ్చాక రిబ్కా అంది కదా, "మీ మావయ్య కడియాలు బాగానే ఉన్నాయి గాని, పేరంటాలువి ఇంతకన్నా బరువు." అత్తయ్యకి ఇది చెప్పు, నవ్వుకుంటుంది. రేపట్నుంచి నేను కూడా ఆవిడతో ఒడ్డు మీద చేపలు ఎండబెట్టడానికి వెళ్తున్నాను, కూలికి. మా ఆయన వేరేవాళ్ల వ్యాను నడుపుతున్నారు.

సాయంత్రం ప్రశాంతి ఆస్తుల పట్టీ సవరించి తెచ్చి చూపించింది. లేవు అన్న మాట కొట్టేసి ఉంది. దాని కింద నీ పేరు, నా సంతకం, పక్క గడిలో కొత్త మాట ఒకటి: "తీరినది."

నీ మేనకోడలు,
భవాని